రూపాయికి 8 పైసలు: చదవనివారికీ వాటా ఉన్న గ్రంథాలయం

నవంబరు 14 దగ్గరికొచ్చింది. ఆ రోజు మొదలుకొని 20వ తేదీ దాకా మన గ్రంథాలయాల్లో జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. పొందూరైనా, రాజామైనా, చీపురుపల్లైనా కార్యక్రమాల వరస ఇంచుమించు ఒక్కటే. తొలిరోజు జ్యోతి వెలిగించి పుస్తక ప్రదర్శన తెరుస్తారు. ఆ తర్వాత వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్, చిత్రలేఖనం, ముగ్గుల పోటీలు ఉంటాయి. ఒక పూట కవి సమ్మేళనం, ఆఖరి రోజున బహుమతులు. ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు వేసవి శిబిరాలు పెడతారు. అక్కడ కథలు చదివిస్తారు, బొమ్మలు వేయిస్తారు, ఆటలు ఆడిస్తారు. 2020 నుంచి 'చదవడం మాకిష్టం' పేరుతో బడి పిల్లల్ని పుస్తకాలకు దగ్గర చేసే ప్రయత్నమూ రాష్ట్రంలో సాగింది. ఇవన్నీ మంచి పనులే, వీటి వెనక గ్రంథాలయ సిబ్బంది శ్రమ ఉంది. అయినా ఈ ఏడాది కార్యక్రమాల పట్టిక రాసుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. ఈ వారమంతా మనం ఎవరిని పిలుస్తున్నాం? ఇప్పటికే చదువుతున్న పిల్లల్ని, ఇప్పటికే రాస్తున్న కవుల్ని, ఇప్పటికే సభ్యులైన పెద్దల్ని పిలుస్తున్నాం. గ్రంథాలయంలో జరిగే వినోద కార్యక్రమాల మీదా, విజ్ఞాన కార్యక్రమాల మీదా తొలి హక్కు చదవనివాళ్లదని నేను నమ్ముతున్నాను. చదివేవాళ్లకు బీరువాల నిండా పుస్తకాలున్నాయి. చదవనివాళ్లకు గ్రంథాలయం ఇవ్వగలిగేది కార్యక్రమం ఒక్కటే.

ఈ మాటకు ఆధారం చట్టంలోనే ఉంది. 1960లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా వసూలు చేస్తారు. ఆ పన్ను రూపాయికి 8 పైసలు. అంటే ఏడాదికి వెయ్యి రూపాయలు ఇంటిపన్ను కట్టే గడప నుంచి 80 రూపాయలు గ్రంథాలయం కోసం వెళ్తున్నాయి. ఆ డబ్బును పంచాయతీలు, పురపాలక సంఘాలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఇది పుస్తకం అరువు తీసుకున్నందుకు కట్టే రుసుం కాదు. ఇంటిపన్ను కట్టే ప్రతివారూ కడతారు. మగ్గం నేసే ఇల్లు కడుతుంది, రాట్నం తిప్పే ఇల్లు కడుతుంది, హైదరాబాదుకో చెన్నపట్నానికో వలసపోయి ఏడాదిలో సగం రోజులు తాళం వేసి ఉండే ఇల్లూ కడుతుంది. ఇప్పుడు దీని పక్కన ఇంకో లెక్క పెట్టి చూడండి. 2011 జనాభా లెక్కల్లో, పాత జిల్లా హద్దుల ప్రకారం, శ్రీకాకుళం అక్షరాస్యత 61.74 శాతం, విజయనగరం 58.89 శాతం. ఉమ్మడి రాష్ట్ర సగటు 67 శాతం దాకా ఉన్నప్పటి మాట ఇది. ఆడవాళ్ల లెక్క విడిగా తీస్తే శ్రీకాకుళంలో అక్షరం వచ్చినవారు సగానికి కొంచెమే ఎక్కువ. లెక్కలు పాతవే, ఈలోగా పరిస్థితి కొంత మెరుగుపడి ఉంటుంది. కానీ ఆనాడు అక్షరం రాని నలభయ్యేళ్ల మనిషి ఈనాడు యాభై దాటి మన మధ్యే ఉన్నాడు. అతని ఇంటిపన్నులోంచి 8 పైసల చొప్పున తీసుకుంటూనే ఉన్నాం. బదులుగా అతనికి ఏమిచ్చాం? పుస్తకం ఇస్తామంటే చదవలేడు. పత్రిక ఇస్తామన్నా అంతే. అతనికి అందేది చెవితో వినేదీ కంటితో చూసేదీ. హరికథో నాటకమో కథాపఠనమో ఏర్పాటు చేస్తే, బ్యాంకు కాగితాల గురించో పెన్షను గురించో అర్థమయ్యేట్టు చెప్పించే పూట ఒకటి పెడితే, అతను కట్టిన డబ్బులో కొంత అతనికి తిరిగొచ్చినట్టు. అందుకే కార్యక్రమాన్ని గ్రంథాలయానికి తగిలించిన అలంకారంగా చూడటం సరికాదని అంటున్నాను. పన్ను కట్టినవారికి తీర్చాల్సిన బాకీల్లో అదీ ఒకటి.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఆంధ్రదేశంలో గ్రంథాలయాలు నిలబెట్టినవాళ్లు తొలినాళ్ల నుంచీ ఇలాగే ఆలోచించారు. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథ భాండాగారుల తొలి మహాసభ జరిగింది. అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు, వెనకుండి నడిపించినవారు అయ్యంకి వెంకటరమణయ్య గారు. ఐదేళ్లు తిరిగేసరికి, 1919 నవంబరు 14న, అయ్యంకి వారి చొరవతోనే మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ సమావేశమైంది. మనం వారోత్సవాలు మొదలుపెట్టే తేదీకి ఆ చరిత్ర ఉంది. ఆ సభకు అధ్యక్షత వహించినవారు బరోడా సంస్థాన గ్రంథాలయాధికారి జె.ఎస్. కుడాల్కర్. బరోడా నుంచి ఆయన్ని పిలవడానికి కారణం ఉంది. ఆనాటి బరోడాలో ఊరూరికీ పెట్టెల్లో పుస్తకాలు పంపే ఏర్పాటుండేది. దాంతోపాటు చదువురాని రైతులకు మ్యాజిక్ లాంతరు బొమ్మలూ సినిమాలూ చూపించి విషయాలు వివరించే దృశ్యబోధన విభాగాన్ని గ్రంథాలయ శాఖే నడిపేది. పుస్తకాల పెట్టె, బొమ్మల లాంతరు, రెండూ ఒకే శాఖ బాధ్యతలు. లాంతరు చూపించడం గ్రంథాలయం పని కాదని అక్కడెవరూ అనుకోలేదు.

మన దగ్గర కాలువలు ఉన్నచోట కాలువలనే వాడుకున్నారు. పాతూరి నాగభూషణం గారు 1935లో కృష్ణా కాలువ మీద కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య పడవలో గ్రంథాలయం నడిపించారు. పాఠకుడు వచ్చేదాకా గ్రంథాలయం కూర్చుని ఉండనక్కర్లేదని, తనే లేచి వెళ్లవచ్చని ఆ పడవ రుజువు చేసింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు గ్రంథాలయోద్యమాన్నీ వయోజన విద్యనూ విడదీసి చూడలేదు. స్వాతంత్ర్యం వచ్చాక 1951 అక్టోబరులో యునెస్కో సాయంతో ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ తెరిచినప్పుడు అందులో సామాజిక విద్యకు ప్రత్యేక విభాగం పెట్టారు. ఉపన్యాసాలు, చర్చలు, నాటకాలు, చలనచిత్ర ప్రదర్శనలు ఆ విభాగం నిత్యం చేసే పనులు. కొత్తగా అక్షరాలు నేర్చిన పెద్దలు నేర్చింది మరిచిపోకుండా వాళ్లను గ్రంథాలయం చుట్టూ నిలుపుకోవడం దాని ఉద్దేశం. ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన అయిదు సూత్రాల్లో మూడోది కూడా ఇక్కడికే దారితీస్తుంది. ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలన్నది ఆ సూత్రం సారాంశం. దాన్ని నిజంగా పాటించే గ్రంథపాలకుడు పాఠకుణ్ణి వెతుక్కుంటూ బయటికి రాక తప్పదు.

ఇక ఈ ఉత్తరాంధ్ర సంగతి. పెద్ద సాహిత్యం విని ఆనందించే అలవాటు ఇక్కడ అచ్చుపుస్తకం కంటే పాతది. హరికథకు ఈనాటి రూపాన్నిచ్చిన ఆదిభట్ల నారాయణదాసు గారు 1864లో బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టారు. సంగీతం, నృత్యం, కథ, పాండిత్యం నాలుగూ ఒక్క మనిషి గజ్జెకట్టి నిలబడి పంచిపెట్టవచ్చని ఆయన చూపించారు. విన్నవాళ్లలో పండితులున్నారు, పొలం పనులు ముగించుకుని వచ్చి కూర్చున్నవాళ్లూ ఉన్నారు. గురజాడ 'కన్యాశుల్కం' మొదటి కూర్పు అచ్చయింది 1897లో. అంతకు అయిదేళ్ల ముందే, 1892లో, విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారు దాన్ని ఆడారు. అంటే ఆ నాటకాన్ని చదివినవాళ్ల కంటే చూసినవాళ్లే ముందు. గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం జీవితమంతా పోరాడారు. పుస్తకంలోని తెలుగు మామూలు మనిషికి చెవిన పడగానే అర్థం కావాలన్నది ఆ పోరాటంలోని పట్టుదల. ఆయన సవరల మధ్య పనిచేసి, వాళ్ల భాష నేర్చుకుని, వాళ్లకోసం బడులు పెట్టినవారు కనుక ఆ పట్టుదల ఆయనకు ఊరికే రాలేదు. గిడుగు, గురజాడ గెలిచిన ఫలితంగానే ఈనాడు ఒక తెలుగు కథను బిగ్గరగా చదివితే అక్షరం రాని అమ్మ కూడా కదలకుండా వింటుంది. ఆ గెలుపును గ్రంథాలయం వాడుకోకపోతే ఇంకెవరు వాడుకుంటారు?

వాడుకోవడం ఎలాగో చెబుతాను. శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు గారు, మనందరి కారా మాస్టారు, తన కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం సొమ్మును కూడా దానికే వెచ్చించి 1997 ఫిబ్రవరి 22న ప్రారంభించారు. తెలుగు కథ ఎక్కడ అచ్చయినా వెతికి తెచ్చి దాచే చోటు అది. మాస్టారిది మురపాక, పొందూరుకు పొరుగు ప్రాంతం. ఆయన కథ 'యజ్ఞం' విమర్శకులు దశాబ్దాలుగా చర్చించిన కథ. అయితే ఆ కథ జరిగేది ఎలాగో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఒక అప్పు తగువు పంచాయితీకి వస్తుంది. ఊరంతా కూర్చుని వింటుంది. అప్పలరాముడు అప్పు తీర్చాలా వద్దా, ఆ అప్పు ఎలా పెరిగింది, ఊరు బాగుపడిందంటే ఎవరు బాగుపడ్డట్టు, ఇవన్నీ ఆ పంచాయితీలోనే తేలాలి. అటువంటి కథను గ్రంథాలయం ముందు రెండు సాయంత్రాల్లో, ఈ ప్రాంతపు యాస పలకగల ఒకరిద్దరితో చదివించి, మధ్యలో ఆపి, వచ్చినవాళ్ల అభిప్రాయం అడిగితే ఎలా ఉంటుంది? వాళ్లలో అప్పు చేసినవాళ్లు ఉంటారు, అప్పు ఇచ్చినవాళ్లూ ఉంటారు. ఆ కథ గురించి చెప్పడానికి వాళ్ల దగ్గర ఉన్నది మన దగ్గర ఉన్నదానికన్నా ఎక్కువ. ఇది వినోదమా, విద్యా అని అడిగితే విడదీసి చెప్పడం కష్టం. విడదీయాల్సిన అవసరమూ కనిపించదు.

తప్పెటగుళ్లు, జముకుల కథ, తూర్పు భాగోతం ఉత్తరాంధ్ర సొత్తు. రొమ్ముకు కట్టుకున్న రేకు తప్పెటలు వాయిస్తూ బృందమంతా గుండ్రంగా అడుగులేసే ఆటకు మైదానం ఉంటే చాలు, వేదిక అక్కర్లేదు. జముకు పట్టుకుని ఎల్లమ్మ కథ చెప్పే కళను వంగపండు ప్రసాదరావు గారు కూలీల గోడు చెప్పడానికి కూడా వాడుకున్నారు. ఈ కళల మీద పుస్తకాలున్నాయి, విశ్వవిద్యాలయాల్లో పరిశోధనలు జరిగాయి. ఆ పరిశోధనలు గ్రంథాలయం బీరువాలో ఉండి, ఆ కళాకారులు మాత్రం ఎన్నడూ గ్రంథాలయం మెట్లు ఎక్కకపోవడం నాకు న్యాయంగా తోచదు. వారోత్సవంలో ఒక సాయంత్రం వాళ్లకివ్వండి. ఆట అయిపోయాక అరగంట సేపు పిల్లలు వాళ్లను ప్రశ్నలు అడగాలి. ఈ అడుగు ఎవరు నేర్పారు, ఈ పాట ఎన్ని గంటలు సాగుతుంది, మీ పిల్లలు నేర్చుకుంటున్నారా అని. ఆ జవాబులను గ్రంథాలయం రాసి పెట్టుకుంటే అది కొత్త పుస్తకానికి మొదటి పేజీ అవుతుంది.

పొందూరులో దీనికంటే దగ్గరి విషయం ఒకటుంది, ఖద్దరు. గాంధీజీ మెచ్చిన సన్న ఖాదీగా దేశానికి ఈ ఊరి పేరు తెలుసు. ఆంధ్ర సన్నఖాదీ కార్మికాభివృద్ధి సంఘం 1949 నుంచి ఇక్కడ పనిచేస్తోంది. ఆ బట్ట ఎలా తయారవుతుందో ఊళ్లో పెరుగుతున్న ఈ తరం పిల్లల్లో ఎందరికి తెలుసు? పత్తిని ముందు వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నని పళ్ల వరస మధ్య నుంచి దూది నలకలు పోగొట్టుకుని పాయలు పాయలుగా బయటికొస్తుంది. గింజ తీసి, చిన్న వింటితో ఏకి, ఏకులు చుట్టి, అవి గాలికి చెదరకుండా ఎండిన అరటి దవ్వలో దాచుకుంటారు. ఒకే కదురున్న రాట్నం మీద నూరో నంబరు నూలు, అంతకన్నా సన్నమైన నూలు తీస్తారు. నూరో నంబరంటే ఎంత సన్నమో అంకెల్లో చూపిస్తే ఒక గణిత పాఠం అవుతుంది. ఒక పౌను బరువున్న నూలు పరిస్తే వంద చిలపలు, చిలపకు 840 గజాలు. మొత్తం 84,000 గజాలు, అంటే దాదాపు 77 కిలోమీటర్లు. అర కిలో కూడా లేని దూదిలోంచి ఒక స్త్రీ చేతివేళ్లు అంత దూరం దారం తీస్తున్నాయి. ఈ పాఠాన్ని చెప్పాల్సింది పుస్తకం చదివిన ఉపన్యాసకుడు కాదు, ఆ దారం తీసిన మనిషే. గ్రంథాలయంలో ఒక పూట రాట్నాలు పెట్టించి ఆమెను గురువుగా కూర్చోబెడితే రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. పిల్లలకు ఊరి విద్య తెలుస్తుంది. ఇంతకాలం గ్రంథాలయం తనది కాదనుకున్న ఆమెకు అక్కడ గౌరవమైన కుర్చీ దొరుకుతుంది. ఈ వారోత్సవాల్లో చేసినా, వచ్చే ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం నాడు చేసినా మంచిదే.

దీనికి అభ్యంతరాలు ఉన్నాయి, అవి తేలిగ్గా తీసిపారేసేవి కావు. మొదటిది నిశ్శబ్దం గురించి. ఈనాడు ఏ శాఖా గ్రంథాలయానికి వెళ్లినా డీఎస్సీకీ, గ్రూప్ పరీక్షలకూ, కానిస్టేబుల్ ఉద్యోగాలకూ చదివే యువతీయువకులు కనిపిస్తారు. ఒకటో రెండో గదుల ఇంట్లో నలుగురైదుగురి మధ్య చదువు సాగనివాళ్లకు ఆ బల్ల, ఆ ఫ్యానే ఆధారం. వాళ్ల చెవుల దగ్గర తప్పెటలు మోగించడం అన్యాయమే. వాళ్ల హక్కును నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అందుకని కార్యక్రమాన్ని మానుకోవాలని మాత్రం అనను. చాలా శాఖలు ఉదయం ఒక విడత, సాయంత్రం ఒక విడత పనిచేస్తాయి. మధ్యాహ్నమంతా ఆ భవనం ఖాళీగా ఉంటుంది, రాత్రి కూడా. ఆ వేళల్లో పెట్టవచ్చు. చోటు చాలకపోతే పక్కనున్న బడి ఆవరణలోనో, ఖాదీ సంఘం ఆవరణలోనో అనుమతి తీసుకుని గ్రంథాలయం పేరుతోనే జరపవచ్చు. ఏ రోజు ఎక్కడ ఏముందో పది రోజుల ముందే చెబితే చదువుకునే పిల్లలు తమ వేళలు సర్దుకుంటారు. పైగా కార్యక్రమాలు వాళ్లకూ పనికొస్తాయి. నిరుడు ఉద్యోగం సంపాదించిన వాళ్లతో ఒక పూట మాట్లాడించడం, మాదిరి ఇంటర్వ్యూలు చేయించడం, పరీక్ష పోయినవాళ్లు ఎదురుగా కనిపించే ఇతర దారుల గురించి వినడం గైడు పుస్తకాల్లో దొరకవు.

రెండో అభ్యంతరం ఫోను. ప్రపంచంలోని వినోదమంతా అరచేతిలో ఉండగా గ్రంథాలయం దాకా ఎవరొస్తారంటారు. ఫోను చూపించేది ఎక్కడో ఎవరో తయారుచేసింది. అది పొందూరు పిల్లకు తన వీధి చివర ఉండే నేతకారుడిని పరిచయం చేయదు. చూస్తున్న మనిషి చేయెత్తి ప్రశ్న వేస్తే ఆగి జవాబు చెప్పదు. ఒకే ఇంట్లో నలుగురు నాలుగు తెరలు చూస్తారు. అదే నలుగురు ఒక హరికథ విని ఇంటికెళ్తే ఆ రాత్రి మాట్లాడుకోవడానికి ఒకే విషయం ఉంటుంది. ఇంకో సంగతి. ఆ ఫోనే ఈనాడు పెద్దవాళ్లకు అత్యవసరంగా నేర్పాల్సిన పాఠం. ఓటీపీ అడిగి ఖాతా ఖాళీ చేసే మోసాలు పల్లెలను కూడా వదలడం లేదు. ఫోనులో డబ్బు పంపడం, వచ్చిన సందేశం అసలుదో కాదో పోల్చుకోవడం, కొడుకు ఊళ్లో లేనప్పుడు పెన్షను వివరాలు చూసుకోవడం నేర్పే పూటలు నెలకొకటి పెట్టినా జనం వస్తారు. అది నేర్పడానికి బయటి నిపుణులు కూడా అక్కర్లేదు. పోటీ పరీక్షలకు చదివే ఆ యువకులే సంతోషంగా నేర్పగలరు.

మూడోది అన్నిటికంటే బలమైన అభ్యంతరం. ఆట చూడ్డానికి వచ్చినవాడు ఆట చూసి వెళ్లిపోతాడు, పుస్తకం ముట్టుకోడు, కనుక ఇది గ్రంథాలయానికి ఏం ఒరగబెట్టిందని అడుగుతారు. చాలామంది అలాగే వెళ్లిపోతారని ఒప్పుకుంటాను. కార్యక్రమం పెట్టగానే సభ్యత్వం పెరిగిపోతుందని మాటివ్వడం నిజాయితీ కాదు. కానీ ఈ అభ్యంతరంలో ఒక ఊహ దాగి ఉంది. వినడం చదవడానికి మెట్టు మాత్రమేననీ, దానికదిగా దానికి విలువ లేదనీ ఆ ఊహ. నారాయణదాసు గారి హరికథ విన్న ఊరి మనిషికి దొరికింది పుస్తకం చదివినవాడికి దొరికినదానికంటే తక్కువని ఎవరనగలరు? పన్ను కట్టినవాడు ఒక సాయంత్రం మంచి కథ విని, తన అప్పు గురించో తన ఊరి గురించో ఒక ఆలోచనతో ఇంటికి పోతే గ్రంథాలయం తన పని చేసినట్టే. అతని చేతిలో పుస్తకం కూడా పడితే మరీ మంచిది. దానికి మన వైపు నుంచి లోపం ఉండకూడదు. కథ చదివిన రోజు ఆ కథల పుస్తకం నాలుగైదు ప్రతులు అక్కడే బల్ల మీద ఉండాలి. సభ్యత్వం కావాలన్నవారికి ఆ రాత్రే కాగితం నింపిపెట్టాలి, రేపు పగలు రమ్మనకూడదు. చదవలేని అమ్మ పక్కన ఆరో తరగతి కూతురు ఉంటుంది. పుస్తకం ఆ పిల్ల పేర ఇవ్వాలి, ఇంట్లో అమ్మకు చదివి వినిపించమని చెప్పాలి. అన్నిటికీ మించి, కార్యక్రమం మళ్లీ ఎప్పుడో ఆ రోజే చెప్పాలి. నవంబరు 20న బహుమతులు పంచేసి మళ్లీ వచ్చే నవంబరు దాకా తలుపు మూసుకుంటే వచ్చినవాడు తిరిగి రాకపోవడానికి కారణం అతను కాదు. జనవరిలో సంక్రాంతికి వలసపోయినవాళ్లంతా ఊరికొస్తారు. ఆగస్టు 29 గిడుగు పుట్టినరోజు, సెప్టెంబరు 21 గురజాడ పుట్టినరోజు, నవంబరు 9 కారా మాస్టారి పుట్టినరోజు. ఏడాది పొడవునా మన సొంత తేదీలే ఇన్ని ఉన్నాయి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. స్థానిక సంస్థలు వసూలు చేసిన గ్రంథాలయ పన్ను జిల్లా సంస్థలకు పూర్తిగా జమ చేయకుండా బకాయి పెడుతున్నాయన్నది రాష్ట్రంలో ఏళ్ల తరబడి వినిపిస్తున్న ఫిర్యాదు. సిబ్బంది కొరత కూడా ఉంది. ఇన్ని ఇబ్బందుల మధ్య కళాకారులకు డబ్బెక్కడిది అంటారు. నేను పైన చెప్పిన వాటిలో చాలావరకు పెద్ద ఖర్చు లేనివి. బిగ్గరగా కథ చదవడానికి ఒక దీపం, ఒక గొంతు చాలు. కానీ తప్పెటగుళ్ల బృందాన్ని, నూలు వడికే స్త్రీని ఉచితంగా రమ్మనడం తగదు. ఆమెకు తీసిన నూలును బట్టే కూలి. గ్రంథాలయంలో గడిపిన గంటలు ఆమెకు కూలి పోయిన గంటలు. ఆ కూలి ఇవ్వాలి, బస్సు ఛార్జీలు ఇవ్వాలి. శాలువాలకూ పూలదండలకూ జ్ఞాపికలకూ పెట్టే ఖర్చును ఇటు మళ్లిస్తే సరిపోతుందని నా నమ్మకం. బకాయిల విషయంలో అడిగే హక్కు శ్రోతలకుంది. మీ ఇంటిపన్ను రశీదు తీసి చూడండి. గ్రంథాలయ పన్ను ఎంత కట్టారో చూసుకుని, అది జిల్లా సంస్థకు చేరిందా అని గ్రామసభలో అడగండి. చదువు వచ్చినవారు రానివారి తరఫున కూడా అడగవచ్చు.

వచ్చే వారోత్సవాలకు గ్రంథపాలకులకు ఒక మనవి. ముగ్గుల పోటీ, క్విజ్ తీసేయమనడం లేదు. ఏడు రోజుల్లో కనీసం మూడు సాయంత్రాలు చదవనివాళ్ల కోసం కేటాయించండి. ఒకటి కథ చదవడానికి, ఒకటి మన ప్రాంతపు కళకు, ఒకటి రాట్నానికి. వేళ నిర్ణయించేటప్పుడు ఆడవాళ్లను అడగండి. వంటలు, పశువుల పని, మగ్గం పని ముగిసే వేళ ఏదో వాళ్లకే తెలుసు. వచ్చేవాళ్లు తమ పని వెంట తెచ్చుకుని చేసుకుంటూ వింటామంటే కాదనకండి. ఎంతమంది వచ్చారో లెక్క రాసేటప్పుడు, అంతకుముందు ఎన్నడూ గ్రంథాలయానికి రానివాళ్లు ఎందరో విడిగా రాయండి. వచ్చే ఏడాది మీరు చూసుకోవాల్సిన అంకె అదే. ఇక ప్రచారం. కార్యక్రమాల పట్టిక అచ్చువేసి నోటీసు బోర్డుకు అంటించి ఊరుకోకండి. మనం పిలవాలనుకుంటున్నవాళ్లు ఆ కాగితం చదవలేరు. ఆటోకు మైకు కట్టి వీధి వీధికీ తిప్పండి, సంతరోజున బజార్లో చెప్పించండి, నేత వీధుల్లో మగ్గాల దగ్గరికి ఎవరినైనా పంపండి. తేదీ, వేళ, చోటు మూడూ నోటితో చెప్పించండి. డబ్బులేమీ కట్టనక్కర్లేదన్న మాట కూడా మరిచిపోకుండా చెప్పించండి, గ్రంథాలయంలోకి వెళ్తే రుసుం అడుగుతారేమోనని వెనకాడేవాళ్లు ఉంటారు.